ఇంజను అరుస్తుంది, బండి లాగదు: క్లచ్ ఎందుకు జారుతుంది?

అనంతపురం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం వెళ్ళే రోడ్డు చూపుకు చదునుగానే కనిపిస్తుంది. కాని అనంతపురం పట్టణం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంటే, హిందూపురం సుమారు 620 మీటర్ల ఎత్తున ఉంది. అంటే ఆ దారిన పోయే ప్రతి బండీ నెమ్మదిగా 285 మీటర్ల ఎత్తు ఎక్కుతోందన్నమాట. దారిలో ఎదురయ్యే మిట్టలు దీనికి అదనం.

ఇలాంటి మిట్ట మీద పాత బజాజ్ చేతక్ స్కూటరు ఒకటి ఎక్కుతోందనుకోండి. ముందు కాళ్ళ దగ్గర వేరుశెనగ బస్తా, వెనక ఒక మనిషి. నడిపే ఆయన యాక్సిలరేటరు ఇంకాస్త తిప్పాడు. ఇంజను గొంతు పెంచింది, కాని వేగం పెరగలేదు. ఇంకా తిప్పాడు. ఇంజను మరీ గోల పెట్టింది, బండి మాత్రం ఇంతకు ముందుకన్నా నెమ్మదించింది. కాసేపటికి కాలిన వాసన కూడా వచ్చింది.

"బండి లాగడం లేదన్నా, పికప్ లేదు" అని మెకానిక్కుకు చెప్పుకుంటే, ఆయన ఒక్క మాటతో తేల్చేస్తాడు: "క్లచ్ స్లిప్ అవుతోంది."

ఈ ఒక్క మాటలో మీరు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో చదివే ఘర్షణ పాఠం మొత్తం ఇమిడి ఉంది. జారే క్లచ్‌ను ఎలా బాగుచేస్తారో, ఇంజను శక్తి పెంచిన స్కూటర్లలో ఆ జారుడు ఎందుకు తప్పదో, దానికి మందు ఏమిటో చూద్దాం.

స్కూటరు మన ఊళ్ళకు వచ్చిన దారి

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక ఇటలీలో జనానికి చవకగా తిరిగే బండి కావలసి వచ్చింది. 1946లో పియాజియో సంస్థ వెస్పా స్కూటరును విడుదల చేసింది. దాన్ని రూపొందించిన కొరాదీనో దస్కానియో విమానాలు, హెలికాప్టర్ల ఇంజనీరు. ఆ మరుసటి ఏడే, 1947లో, మిలాన్ నగరంలోని ఇన్నొచెంతి సంస్థ లాంబ్రెటా స్కూటరును తెచ్చింది.

ఈ రెండు వంశాలూ మన దేశానికి వచ్చాయి. వెస్పా వంశంలో 1972లో బజాజ్ చేతక్ పుట్టింది. రాణా ప్రతాప్ గుర్రం పేరే దానికి పెట్టారు. లాంబ్రెటా వంశంలో లక్నోలోని స్కూటర్స్ ఇండియా సంస్థ విజయ్ సూపర్ బండ్లను తయారుచేసింది. మన హైదరాబాదులో ఆల్విన్ సంస్థ పుష్పక్ పేరుతో స్కూటర్లు అమ్మింది. ఆ రోజుల్లో చేతక్ కోసం డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు. 2009లో బజాజ్ సంస్థ స్కూటర్ల తయారీ మానుకుంటున్నట్టు ప్రకటించింది. అయినా పాత బండ్లు ఇప్పటికీ కొన్ని తిరుగుతూనే ఉన్నాయి.

అనంతపురం పీఠభూమి లాంటి చోట బండి బాగా ఉండటం చిన్న విషయం కాదు. ఇక్కడ ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి రుతుపవనాల తేమను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య రుతుపవనాల వానలు కోస్తాలో కురిసినంతగా ఇంత లోపలికి రావు. వేరుశెనగ చేను ఎండిన ఏడు పాలక్యాన్లు వేసుకుని పట్నం పోవాలన్నా, ధర్మవరం చీరల మూటలు ఊరూరా తిప్పి అమ్ముకోవాలన్నా బండే ఆధారం. అలాంటి ఇంట్లో జారే క్లచ్ పెట్రోలు డబ్బును రోజూ కొంచెం కొంచెంగా తినేస్తుంది. కాబట్టి దాని సంగతి తెలుసుకోవడం దండగ కాదు.

క్లచ్ చేసే పని ఏమిటి?

ఇంజను ఒకసారి స్టార్టు అయ్యాక ఆగకుండా తిరుగుతూ ఉండాలి. బండి మాత్రం కూడలిలో ఆగాలి, మళ్ళీ కదలాలి. తిరిగే ఇంజనును, ఆగి ఉన్న చక్రాన్ని ఒక్కసారిగా ముడివేస్తే ఇంజనైనా ఆగిపోతుంది, బండైనా ఎగిరి దూకుతుంది. వాటి నడుమ ఉండి, కావలసినప్పుడు కలిపి, అక్కరలేనప్పుడు విడదీసే భాగమే క్లచ్.

దీన్ని అర్థం చేసుకోవడానికి రెండు కంచాలు చాలు. ఒక కంచాన్ని బోర్లించి, రెండోదాన్ని దాని మీద బోర్లించండి. కింది కంచాన్ని తిప్పండి. పైదాన్ని వట్టిగా వదిలేస్తే అది సరిగా తిరగదు. పైనుంచి అరచేత్తో నొక్కితే, కింది కంచం తిరిగినప్పుడు మీ చెయ్యి కూడా మెలిపడుతుంది. మీరు నొక్కినకొద్దీ కంచాలు రెండూ ఒక్కటిగా తిరుగుతాయి. క్లచ్‌లో అరచేతి పని స్ప్రింగులు చేస్తాయి.

చేతక్ క్లచ్ అరచేతిలో ఇమిడేటంత చిన్నది. అందులో గుండ్రటి పలకలు తమలపాకుల దొంతరలా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. కార్కు అతికించిన పలక ఒకటి, నున్నటి ఉక్కు పలక ఒకటి, మళ్ళీ కార్కు పలక, ఇలా. ఒక రకం పలకలు ఇంజను వైపు భాగంతో కలిసి తిరుగుతాయి, రెండో రకం గేర్ల వైపు భాగంతో కలిసి తిరుగుతాయి. స్ప్రింగులు ఈ దొంతరను ఎప్పుడూ బిగించి పట్టుకుంటాయి. ఎడమ చేతి లివరు నొక్కగానే తీగ లాగబడి స్ప్రింగులు కుంచించుకుంటాయి, పలకల నడుమ సన్నని సందు ఏర్పడుతుంది, ఇంజను వేరు, చక్రం వేరు అవుతాయి. లివరు వదిలితే మళ్ళీ అంతా బిగిసిపోతుంది.

ఈ దొంతర మొత్తం గేరు నూనెలో మునిగి తిరుగుతుంది. నూనె వేడిని మోసుకుపోతుంది, పలకలు నెమ్మదిగా కలిసేలా చేస్తుంది.

నూనెలో కూడా పట్టు విడవని వస్తువు

ఘర్షణ కావలసిన చోట నూనె ఎందుకు అని మీకు సందేహం రావచ్చు. ఇక్కడే కార్కు గొప్పతనం తెలుస్తుంది. పోర్చుగల్, స్పెయిన్ దేశాల్లో ఎక్కువగా పెరిగే ఒక జాతి ఓక్ చెట్టు బెరడే కార్కు. 1665లో రాబర్ట్ హుక్ తన సూక్ష్మదర్శిని కింద పలచని కార్కు ముక్కను పెట్టి చూసి, తేనెపట్టు గదుల్లాంటి గూళ్ళను కనుగొన్నాడు. వాటికి ఆయన పెట్టిన పేరే ఇంగ్లీషులో 'సెల్'. మన జీవశాస్త్రంలో 'కణం' అనే మాట వెనక ఉన్న కథ అది.

గాలి నిండిన ఆ గూళ్ళ వల్ల కార్కు మెత్తగా అణుగుతుంది, ఒత్తిడి తీయగానే మళ్ళీ లేస్తుంది. ఉక్కు పలక నొక్కినప్పుడు కార్కు దాని ఆకారానికి సర్దుకుని నడుమ ఉన్న నూనె పొరను పక్కకు నెడుతుంది. అందుకే నూనెలో తడిసి ఉన్నా దానికి పట్టు ఉంటుంది.

పట్టును లెక్కగడదాం

1699లో ఫ్రాన్సు దేశస్థుడు అమంతాన్ ఘర్షణ గురించి రెండు సంగతులు చెప్పాడు. ఒకటి, నొక్కే బలం ఎంత పెరిగితే ఘర్షణ అంత పెరుగుతుంది. రెండు, తాకే వైశాల్యంతో ఘర్షణకు నిమిత్తం లేదు. తరవాత 1780లలో కూలుంబ్ ప్రయోగాలు చేసి వీటిని ఇంకా బలపరిచాడు. ఇవి అన్ని చోట్లా కచ్చితంగా వర్తించే సూత్రాలు కావు గాని, క్లచ్‌ను అర్థం చేసుకోవడానికి సరిపోతాయి.

రెండో సంగతి వింతగా లేదూ? పలకను వెడల్పు చేసినంత మాత్రాన పట్టు పెరగదు. వెడల్పు వల్ల అరుగుదల తగ్గుతుంది, వేడి పరుచుకుంటుంది, అంతే. మరి పట్టు పెంచే ఉపాయం ఏమిటి? పలకల సంఖ్య పెంచడం. దొంతరను పైనుంచి నొక్కితే ఆ ఒత్తిడి పలకల మధ్య పంచుకోబడదు. మొదటి జత మీద ఎంత ఒత్తిడి పడుతుందో, చివరి జత మీద కూడా అంతే పడుతుంది. కాబట్టి ఒకే స్ప్రింగు బలం ప్రతి ముఖం దగ్గరా మళ్ళీ మళ్ళీ పనిచేస్తుంది.

దీన్ని మీ బడి ప్రయోగశాలలో పరీక్షించవచ్చు. ఒకే రకం మందపాటి అట్టముక్కలు ఏడు తీసుకోండి. నాలుగింటిని ఒక చివర బల్లకు కదలకుండా బిగించండి. మిగతా మూడింటిని వాటి సందుల్లోకి రెండో వైపు నుంచి దూర్చి, వాటి కొసలను కలిపి స్ప్రింగు త్రాసుకు కట్టండి. అన్నిటికన్నా పైన బిగించిన అట్టే ఉండాలి. దాని మీద కిలో బరువు పెట్టి త్రాసును లాగండి. మొదట ఒకే అట్టను దూర్చి, తరవాత రెండు, ఆ తరవాత మూడు దూర్చి కొలతలు రాసుకోండి. బరువు మారకపోయినా లాగవలసిన బలం ఇంచుమించు 1, 2, 3 నిష్పత్తిలో పెరగడం చూస్తారు. ఇదే అనేక పలకల క్లచ్ రహస్యం.

ఇప్పుడు క్లచ్ ఎంత తిప్పే బలాన్ని మోయగలదో లెక్క వేయవచ్చు. తిప్పే బలాన్ని టార్క్ అంటారు, న్యూటన్ మీటర్లలో కొలుస్తారు.

క్లచ్ పట్టు = తాకే ముఖాల సంఖ్య × ఘర్షణ గుణకం × స్ప్రింగుల బలం × పలక సగటు వ్యాసార్థం

లెక్క సులువుగా ఉండేందుకు కొన్ని విలువలు అనుకుందాం. కార్కు పలకలు మూడు ఉంటే, ఒక్కొక్కదానికి రెండేసి ముఖాల చొప్పున ఆరు ముఖాలు. నూనెలో ఘర్షణ గుణకం 0.1. స్ప్రింగులన్నీ కలిసి నొక్కే బలం 450 న్యూటన్లు. సగటు వ్యాసార్థం నాలుగున్నర సెంటీమీటర్లు, అంటే 0.045 మీటరు.

6 × 0.1 × 450 × 0.045 = 12.15

అంటే ఈ క్లచ్ సుమారు 12 న్యూటన్ మీటర్ల దాకా జారకుండా పట్టుకుంటుంది. చేతక్ లాంటి 150 సీసీ బండి ఇంజను ఇచ్చే గరిష్ఠ టార్క్ సుమారు 10 న్యూటన్ మీటర్లు. చేతిలో రెండు యూనిట్ల మిగులు ఉంది, బండి హాయిగా నడుస్తుంది. స్ప్రింగులు పాతబడి వాటి బలం నూటికి ఇరవై వంతులు తగ్గిందనుకోండి. 450 కాస్తా 360 అవుతుంది. పట్టు 9.7కు దిగుతుంది. ఇంజను 10 ఇస్తుంది, క్లచ్ 9.7 మాత్రమే మోయగలదు. ఆ క్షణం నుంచి జారుడు మొదలు.

మిట్ట మీదే ఎందుకు జారుతుంది?

చదునైన రోడ్డు మీద బాగానే ఉన్న బండి మిట్ట మీద మొరాయించడానికి కూడా లెక్క ఉంది. బండి, మనుషులు, బస్తా కలిసి 240 కిలోలనుకుందాం. 12 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు ఎత్తు పెరిగే మిట్ట. బరువు వల్ల వెనక్కి లాగే బలం 240 × 9.8 ÷ 12, అంటే సుమారు 196 న్యూటన్లు. వెనక చక్రం వ్యాసార్థం సుమారు 21 సెంటీమీటర్లు. కాబట్టి చక్రం దగ్గర కావలసిన టార్క్ సుమారు 41 న్యూటన్ మీటర్లు.

నాలుగో గేరులో ఇంజను ఇంచుమించు ఐదు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందనుకుందాం. అప్పుడు క్లచ్ మీద పడేది 41లో ఐదో వంతు, అంటే 8 న్యూటన్ మీటర్లకు పైనే. రెండో గేరులో ఇంజను పది చుట్లకు చక్రం ఒక చుట్టు అనుకుంటే, క్లచ్ మీద పడేది 4 చిల్లర మాత్రమే. గాలి, రోడ్డు రాపిడి దీనికి అదనం. అందుకే అలసిన క్లచ్ మొట్టమొదట పై గేరులో, మిట్ట మీద బయటపడుతుంది. మిట్ట రాగానే గేరు తగ్గించమని అనుభవం ఉన్నవాళ్ళు చెప్పే మాటలో ఇంజను మేలే కాదు, క్లచ్ మేలు కూడా ఉంది.

జారితే నష్టం ఎంత? ఇంజను నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుంటే, క్లచ్ అవతలి వైపు 4,500 చుట్లే తిరుగుతున్నాయనుకోండి. పోయింది పదో వంతు. ఇంజను 7 అశ్వసామర్థ్యం ఇస్తుంటే అందులో 0.7, అంటే సుమారు 520 వాట్లు, వేడిగా మారుతోంది. అరచేతంత డబ్బాలో ఇస్త్రీపెట్టె వేడి! కార్కు మాడి నల్లబడుతుంది, గాజులా నున్నగా తయారవుతుంది. ఘర్షణ గుణకం ఇంకా తగ్గుతుంది. దాంతో ఇంకా జారుతుంది, ఇంకా వేడెక్కుతుంది. జారే క్లచ్ దానంతటది బాగుపడదు, రోజురోజుకూ దిగజారుతుంది.

ముందు చవకైన కారణం వెతకాలి

మంచి మెకానిక్కు బండి రాగానే క్లచ్ విప్పడు. పైసా ఖర్చు లేని కారణం నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కటే కొట్టివేస్తూ లోపలికి పోతాడు. ఆ క్రమం ఇది.

మొదట, ఇది నిజంగా జారుడేనా అని తేల్చుకోవాలి. గేరు ఊడిపోతే బండి కుదుపుతో ఒక్కసారిగా వదిలేస్తుంది. క్లచ్ జారితే కుదుపు ఉండదు, ఇంజను గొంతు నున్నగా పైకి పోతుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. ఈ స్కూటర్లలో కిక్కు బలం క్లచ్ గుండానే ఇంజనుకు చేరుతుంది. కాబట్టి క్లచ్ బాగా అరిగితే కిక్కు కొట్టినా ఇంజను తిరగకుండా కాలు వట్టిగా దిగిపోతుంది.

రెండోది, తీగ. లివరు కొస దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల వట్టి కదలిక ఉండాలి. అది లేకపోతే ఎవరూ లివరు పట్టుకోకపోయినా క్లచ్ కాస్త నొక్కి ఉంచినట్టే. స్ప్రింగుల బలంలో కొంత తీగే మింగేస్తుంది. కార్కు అరిగినకొద్దీ ఈ వట్టి కదలిక తగ్గుతూ వస్తుంది. కరవుసీమ ధూళి మరో చిక్కు తెస్తుంది. తీగ తొడుగులో సన్నని మట్టి చేరి ఎండిపోతే, తీగ వెనక్కి పూర్తిగా జారదు. తొడుగులో రెండు చుక్కల నూనె వేసి, బిగింపు మరను ఒక చుట్టు సడలిస్తే సగం బండ్ల రోగం అక్కడే నయమవుతుంది.

మూడోది, నూనె. టూ స్ట్రోక్ స్కూటరులో పెట్రోలులో కలిపే నూనె వేరు, గేరు పెట్టెలో పోసే నూనె వేరు. గేరు పెట్టెలోకి తయారీదారు చెప్పిన పాత రకం 30 నంబరు నూనె సరిపోతుంది. "ఖరీదైనది కదా, మంచిది" అని కార్లకోసం చేసిన కొత్తరకం నూనె పోస్తే మోసం. వాటిలో కొన్నింట్లో ఘర్షణ తగ్గించే మందులు కలుపుతారు. ఇంజనుకు అవి మేలు చేస్తాయి, తడి క్లచ్‌కు చేటు చేస్తాయి. అందుకే తడి క్లచ్ బండ్లకు పనికివచ్చే నూనె డబ్బాల మీద 'జాసో ఎం.ఎ.' అనే జపాను ప్రమాణం గుర్తు వేస్తారు. నూనె తీసి వాసన చూడటం కూడా అవసరం. పెట్రోలు వాసన వస్తే లోపలి సీలు చెడి పెట్రోలు గేరు పెట్టెలోకి చేరుతోందన్నమాట. ఆ సీలు మార్చకుండా క్లచ్ పలకలు ఎన్ని మార్చినా ఉపయోగం లేదు.

ఈ మూడూ సరిగా ఉన్నాకే క్లచ్ విప్పాలి. వెనక చక్రం తీస్తే పని సులువవుతుంది. క్లచ్‌లో స్ప్రింగులు బిగిసి ఉంటాయి కాబట్టి, పొడుగాటి బోల్టు, వెడల్పాటి వాషర్లు, నట్టు కలిపి చేసిన బిగింపుతో నొక్కి పట్టి, ఆ తరవాతే లోపలి తాళపు రింగు తీస్తారు. ఈ జాగ్రత్త లేకపోతే స్ప్రింగు ఎగిరి కంటికి తగలవచ్చు.

పలకలు బయటికి వచ్చాక చూడవలసినవి నాలుగు. కార్కు మందం తగ్గిందా, మాడిందా? ఉక్కు పలకలు వేడికి నీలం రంగు తిరిగాయా? వాటిని గాజుపలక మీద పెడితే నాలుగు వైపులా ఆనుతున్నాయా, వంగాయా? స్ప్రింగులను కొత్త స్ప్రింగు పక్కన నిలబెడితే పొట్టిగా ఉన్నాయా? పలకల పళ్ళు కూర్చునే గాళ్ళలో గంటులు పడ్డాయో లేదో కూడా చూస్తారు. గంటు పడితే పలక అందులో చిక్కుకుని సరిగా కదలదు. కొత్త కార్కు పలకలను అదే గేరు నూనెలో రాత్రంతా నానబెట్టి బిగించాలి. పొడి కార్కు బిగిస్తే మొదటి మైలులోనే మాడుతుంది.

ఇంజను బలం పెంచితే?

పాత స్కూటర్లను ఇష్టపడేవాళ్ళు వాటి ఇంజన్లకు బలం పెంచడం ప్రపంచమంతటా ఒక వేడుక. దీన్ని ట్యూనింగ్ అంటారు. ఇటలీలో మలోస్సి, పోలీని వంటి సంస్థలు వెస్పా ఇంజన్లకు పెద్ద సిలిండర్లు తయారుచేస్తాయి. బ్రిటన్‌లో ఇలాంటి పాత స్కూటర్లకు పందాలు కూడా నడుస్తాయి. సిలిండరు పెద్దదైనా, గాలి, పెట్రోలు వెళ్ళే దారులు విశాలం చేసినా, పొగగొట్టం ఆకారం మార్చినా ఇంజను టార్క్ పెరుగుతుంది.

మన లెక్కలో ఇంజను 10 బదులు 15 న్యూటన్ మీటర్లు ఇస్తోందనుకోండి. క్లచ్ పట్టు 12 మాత్రమే. అందులో ఏ భాగమూ అరగలేదు, నూనె మంచిదే, తీగ సరిగానే ఉంది. అయినా జారుతుంది. ఇది రోగం కాదు, లెక్క తప్పడం. పెంచిన బలం చక్రం దాకా చేరాలంటే దారిలో ఉన్న ప్రతి భాగమూ దాన్ని మోయగలగాలి.

పట్టు పెంచడానికి మన సూత్రంలో నాలుగు తలుపులు ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి చూద్దాం.

స్ప్రింగుల బలం పెంచడం అన్నిటికన్నా తేలిక. 450ని 600 చేస్తే పట్టు 16కు చేరుతుంది. కాని లివరు నొక్కడానికి మూడో వంతు ఎక్కువ బలం కావాలి. ఊళ్ళో ప్రతి కూడలి దగ్గరా ఎడమ చేయి నొప్పి పుడుతుంది, తీగ త్వరగా తెగుతుంది. చేతక్ క్లచ్ ఇంజను ఇరుసు కొసమీదే ఉంటుంది కాబట్టి, లివరు నొక్కినప్పుడల్లా ఆ ఇరుసు మీద పక్కకు తోసే బలం కూడా పెరుగుతుంది.

పలకలు మూడింటి బదులు నాలుగు పెడితే ముఖాలు ఎనిమిదవుతాయి. 8 × 0.1 × 450 × 0.045 లెక్కగడితే 16.2. లివరు బరువు ఏమీ పెరగలేదు! అయితే ఇది కూడా ఉచితం కాదు. అదే డబ్బాలో నాలుగు పట్టాలంటే పలకలు సన్నబడాలి. లివరు నొక్కినప్పుడు దొంతర మొత్తం 1.8 మిల్లీమీటర్లు వదులవుతుందనుకుంటే, ఆరు ముఖాలకు తలా 0.3 మిల్లీమీటరు సందు దొరికేది. ఎనిమిది ముఖాలకు 0.225 మాత్రమే. పలకలు కాస్త వంగినా పూర్తిగా విడిపోవు. గేరు వేస్తుంటే గరగరమంటుంది, లివరు నొక్కి ఉన్నా బండి ముందుకు పాకుతుంది. కాబట్టి నాలుగు పలకలు పెట్టేవారు ఉక్కు పలకలు చదునుగా ఉండేలా, తీగ కదలిక పూర్తిగా అందేలా మరీ జాగ్రత్త పడాలి.

ఘర్షణ గుణకం పెంచడానికి కార్కు బదులు వేరే పదార్థాల పలకలు దొరుకుతాయి. పట్టు ఎక్కువైతే నెమ్మదిగా కలిసే గుణం తగ్గవచ్చు. ఇక వ్యాసార్థం పెంచాలంటే క్లచ్ మొత్తం పెద్దది కావాలి, దాని మీది మూత కూడా మారాలి.

వేగం తెచ్చే చిక్కు మరొకటి. చేతక్ క్లచ్ ఇంజనుతో సమానమైన వేగంతో తిరుగుతుంది. తిరిగే వస్తువును బయటికి విప్పార్చే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నిమిషానికి 5,500 చుట్లు తిరిగే ఇంజనును 8,000కు పెంచితే ఆ బలం రెండింతలు దాటుతుంది. క్లచ్ డబ్బా అంచులు విచ్చుకుని పలకలు ఇరుక్కుంటాయి. అందుకే ట్యూనింగ్ చేసిన బండ్ల క్లచ్ డబ్బా చుట్టూ బండిచక్రానికి ఇనుప పట్టా వేసినట్టు ఒక ఉక్కు వలయం బిగిస్తారు.

లాంబ్రెటా వంశం బండ్లలో ఈ సమస్య వేరుగా ఉంటుంది. వాటిలో ఇంజను బలం ముందు గొలుసు ద్వారా పోయి, ఆ తరవాత క్లచ్‌కు చేరుతుంది. అక్కడికి వచ్చేసరికి వేగం తగ్గుతుంది, టార్క్ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. కాబట్టి డబ్బా విచ్చుకునే భయం తక్కువ, మోయవలసిన బరువు ఎక్కువ. అందుకే దానికి మొదటినుంచీ పెద్ద పలకలు, కార్కువి నాలుగు ఇచ్చారు. ట్యూనింగ్ చేసేవాళ్ళు వాటిని ఐదు చేస్తారు. ఒకే సమస్యకు ఇద్దరు ఇంజనీర్లు రెండు దారులు తొక్కారు, ఏ దారిలోనూ ఖర్చు లేకుండా పోలేదు.

రోడ్డు మీద నడిపేవారికి ఒక హెచ్చరిక. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన లక్షణాలకు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదు. ఎనిమిది అంగుళాల, పది అంగుళాల చిన్న చక్రాలు, పాత డ్రమ్ము బ్రేకులు మొదటి వేగానికి సరిపడేలా చేసినవే. ఇంజను బలం పెంచి క్లచ్ కూడా పెంచినంత మాత్రాన బ్రేకు బలం పెరగదు. గేర్ల బండి నడపడానికి లైసెన్సు పద్దెనిమిదేళ్ళు నిండితేగాని రాదని కూడా గుర్తుంచుకోండి.

క్లచ్ లేని స్కూటర్లు

ఇప్పుడు రోడ్ల మీద ఎక్కువగా కనిపించే గేర్లు లేని స్కూటర్లలో క్లచ్ ఉంది గాని, దానికి లివరు లేదు. ఇంజను వేగం పెరగగానే లోపలి బరువులు బయటికి విసురుకుని ఒక గిన్నె అంచును పట్టుకుంటాయి. పాత బండిలో ట్యూనింగ్ చేసేవాళ్ళకు తలనొప్పి తెచ్చిన ఆ విసురు బలమే ఇక్కడ క్లచ్‌ను నడిపిస్తుంది. 2020లో చేతక్ పేరుతోనే మళ్ళీ వచ్చిన విద్యుత్ స్కూటరుకైతే క్లచ్ అవసరమే లేదు. విద్యుత్ మోటారు నిలిచి ఉన్న స్థితి నుంచే పూర్తి టార్క్ ఇవ్వగలదు. బండి ఆగితే మోటారు కూడా ఆగుతుంది, మళ్ళీ కదిలేటప్పుడు తానూ కదులుతుంది.

ఈసారి మీ ఊరి మెకానిక్కు దుకాణం ముందు నుంచి పోతున్నప్పుడు, విప్పి పెట్టిన పాత క్లచ్ పలక ఉంటే అడిగి చూడండి. కార్కు ఎంత మందం మిగిలిందో, మాడిందో లేదో, ఉక్కు పలక నీలం తిరిగిందో లేదో మీరే పరీక్షించండి. ఆ బండి మిట్టల మీద ఏ గేరులో నడిచిందో, తీగ బిగింపు ఎవరైనా చూశారో లేదో ఆ పలక చెబుతుంది. తరవాత మీ లెక్కను మెకానిక్కు చెప్పే కారణంతో పోల్చుకోండి.